ఏ ఎద్దూ తన్నని ముక్కు

తక్ గప్సున్‌ను ఎరగని ఆడది బుసాన్ పక్కనున్న దీవి యంగ్‌దోలో లేదు. ఎరగడమంటే వీధిలో కనిపిస్తే తలూపే పరిచయం కాదు. ఒంటిమీద నూలుపోగు లేకుండా బల్ల మీద బోర్లా పడుకుని, వీపు ఆవిడ చేతికి అప్పగించిన పరిచయం. వంతెన దిగి రేవు వైపు తిరిగితే రెండో సందులో ఉన్న స్నానశాలలో ఆవిడ ఇరవై రెండేళ్ళుగా ఒళ్ళు రుద్దుతోంది. చేతికి ఆకుపచ్చ గరుకుగుడ్డ తొడుక్కుని మెడ నుంచి మడమ దాకా ఒక్క లాగు లాగిందంటే, రాలిన మట్టి చూసి ఆ మనిషికి తన మీద తనకే సిగ్గు పుట్టాలి. పుట్టకపోతే గప్సునే పుట్టిస్తుంది.

"ఏమ్మా, చుసోక్ పండక్కి రుద్దించుకుని మళ్ళీ ఇవాళేనా రావడం? మధ్యలో నీళ్ళు దొరకలేదా మీ పేటలో?"

ఎవరూ కోపగించుకునేవారు కాదు. బల్ల మీద పడుకున్నవాళ్ళకు కోపం ఎక్కడి నుంచి వస్తుంది?

అయితే ఆ స్నానశాలలో గప్సున్ చేతికంటే పేరుపడ్డది గప్సున్ ముక్కు. ఆవిరిలోంచి ముందు ముక్కు వచ్చేది, దాని వెనకాల మనిషి వచ్చేది. కనుబొమల మధ్య నుంచి నిటారుగా దిగి, కొన దగ్గర కాస్త ఆగి, మళ్ళీ లోపలికి తిరిగిన ముక్కు. బేరాలాడేటప్పుడు ఆవిడ దాన్ని రెండు అంగుళాలు పైకెత్తేది. ముక్కు పైకి లేచాక ఎదుటివాళ్ళు బేరం మానుకునేవారు.

"ఎక్కడిది పిన్నీ ఈ ముక్కు?" అని కుర్రపిల్లలు అడిగితే జవాబు నాలుక చివరే ఉండేది.

"మిర్యాంగ్‌లో మా తాతది. పోతూ పోతూ పొలం బాబాయిలకిచ్చాడు, ముక్కు నాకిచ్చాడు."

నిజానికి తాతకు అలాంటి ముక్కు లేదు. పొలమూ లేదు.

ఆ ముక్కు 1990లో, గప్సున్‌కు ఇరవై మూడేళ్ళప్పుడు, బుసాన్ నడిబొడ్డున సొమ్యన్‌లో ఒక మూడో అంతస్తు గదిలో పుట్టింది. అప్పుడావిడ బూట్ల ఫ్యాక్టరీలో అట్టలకు జిగురు రాసేది. పెళ్ళిసంబంధాలు రెండు వచ్చినట్టే వచ్చి వెనక్కిపోయేసరికి, తల్లి కంగారుపడి మొహం చూసి జాతకం చెప్పే ముసలాయన దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన గప్సున్ గడ్డం పట్టుకుని దీపం వైపు తిప్పాడు. చాలాసేపు నిట్టూర్చాడు.

"మొహంలో డబ్బుండే చోటు ముక్కు. ఈ పిల్లకేమో పైకప్పు లేదు. రంధ్రాలు ఆకాశాన్ని చూస్తున్నాయి. వచ్చిన డబ్బు వచ్చినట్టే ఎగిరిపోతుంది. వానాకాలం నీళ్ళు కూడా పడతాయి, జాగ్రత్త."

తల్లి ఏడ్చింది. గప్సున్ ఏడవలేదు, ఆవిడకు ఒళ్ళు మండింది. దాచుకున్నదంతా పట్టుకుని సొమ్యన్ వెళ్ళింది. డాక్టరు తెల్లటి సిలికాన్ ముక్క తీసి, మొహం వంక ఒకసారి, ముక్క వంక ఒకసారి చూస్తూ చిన్న కత్తితో ఎదురుగానే చెక్కాడు. ముల్లంగి తరుగుతున్నాడనుకుంది గప్సున్. పదిహేను రోజులు వాపు. పదహారో రోజున ముక్కు. నెల తిరక్కుండా మూడో సంబంధం.

పెళ్ళికొడుకు గుక్ దల్సు పడవల ఇంజన్లు బాగుచేసేవాడు. టీ కొట్టులో కూర్చున్నంతసేపూ తన అరచేతుల గ్రీజు వంకే చూసుకున్నాడు. చూడాల్సినవన్నీ అతని తల్లి చూసింది. గప్సున్ ముక్కును ఎడమ నుంచి, కుడి నుంచి, నేల మీద రుమాలు పడిందనే వంకతో కింది నుంచి కూడా చూసింది.

"ఈ ముక్కు మా ఇంటికి రెండు మేడలు తెస్తుంది" అని తేల్చి టీ తాగేసింది.

అంతవరకూ బాగానే ఉంది. చిక్కంతా గప్సున్ అన్నదమ్ములతో వచ్చింది. ముగ్గురున్నారు, ముగ్గురివీ పైకప్పు లేని ముక్కులే. పెళ్ళిలో వరుసగా నిలబెడితే గుడ్డివాడికైనా అనుమానం వస్తుంది. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. గప్సున్ ఒక్క అబద్ధానికి మూడు అతుకులు వేసింది. పెద్దన్నను చిన్నప్పుడు ఎద్దు తన్నింది. రెండోవాడు పెర్సిమన్ చెట్టు మీంచి బోర్లా పడ్డాడు. తమ్ముడికి సైన్యంలో ఫుట్‌బాల్ తగిలింది. అత్తగారు ముగ్గురి మీదా జాలిపడింది. పెద్దన్న పాపం మంచివాడు, చెల్లెలి అత్తవారి ఊరు వెళ్ళినప్పుడల్లా దారిలో ఎద్దు కనిపిస్తే గట్టు దిగి చుట్టూ తిరిగి వచ్చేవాడు.

నాలుగేళ్ళకు కూతురు పుట్టింది. పేరు బోరం. బొద్దుగా, తెల్లగా, చూడముచ్చటగా ఉంది. అత్తగారు గుడ్డలు తొలగించి మొహం చూసి, చేతులు అలాగే ఉంచి ఆగిపోయింది.

"ఇదెవరి ముక్కు?"

దల్సు ముక్కు పొడుగు, గప్సున్ ముక్కు చెప్పనే అక్కర్లేదు. పిల్ల మొహం మధ్యలో మాత్రం రెండు చుక్కలున్నాయి, అవి నేరుగా ఇంటి కప్పును చూస్తున్నాయి.

"వంతెన కింద దొరికింది అత్తయ్యా" అంది గప్సున్.

అందరూ పగలబడి నవ్వారు. ఆ మాట అనని ఇల్లు బుసాన్‌లో లేదు. అల్లరి చేసినా, అన్నం మానేసినా, అమ్మ పోలిక రాకపోయినా, నాన్న పోలిక రాకపోయినా, నిన్ను వంతెన కింద ఏరుకొచ్చామంటారు. పిల్ల ఏడుస్తుంది, పెద్దవాళ్ళు నవ్వుతారు, పిల్లికి చెలగాటం ఎలుకకు ప్రాణసంకటం. దూరం పేటల్లో ఉన్నవాళ్ళు మాటవరసకు అంటారు. యంగ్‌దో వాళ్ళకైతే ఆ వంతెన ఇంటి ముందే ఉంది, వేలు పెట్టి చూపించవచ్చు.

గప్సున్ చూపించింది. ఒకసారి కాదు. ముక్కు మాట ఎత్తినవాళ్ళందరికీ వంతెనను అడ్డం పెట్టింది. అయిదేళ్ళప్పుడు బోరం ఆ మాటకు ఏడ్చేది. ఎనిమిదేళ్ళప్పుడు నాలుక బయటపెట్టి వెక్కిరించేది. పన్నెండేళ్ళు వచ్చాక ఏమీ అనడం మానేసింది. పిల్లకు బుద్ధి వచ్చిందనుకుంది గప్సున్.

కాలేజీ ప్రవేశపరీక్ష అయ్యాక, ఆ ఊళ్ళో ఆడపిల్లలంతా అందం కోసం డాక్టరు చేత కనురెప్పలు మడత వేయించుకునే చలికాలంలో, బోరం నోరు తెరిచి ఒకే ఒక కోరిక కోరింది.

"నాకు రెప్పలు వద్దమ్మా. ముక్కు చేయించు. నీలాంటిది."

"ఛీ, దేవుడిచ్చినదాన్ని కదిలించకూడదు" అంది గప్సున్.

ఆ మాటకు లోపలున్న సిలికాన్ సిగ్గుపడి కరిగిపోవలసింది. కరగలేదు, అది గట్టి సరుకు. అసలు కారణం వేరు. డాక్టరు దగ్గరికి పిల్లతో పాటు తల్లీ వెళ్ళాలి. వెళ్తే ఆయన పిల్ల మొహం వదిలేసి తల్లి మొహం చూస్తాడు. బోరం మళ్ళీ అడగలేదు. చదువుకుంది, దేగులో ఉద్యోగం చూసుకుంది, నెలకొకసారి వచ్చి తల్లి వండింది తిని వెళ్ళేది.

ఇలా ముప్పై మూడేళ్ళు గడిచాయి. రెండు మేడలు రాలేదు. ఒక డాబా, దాని మీద కారే పైపు ఒకటి వచ్చాయి. అత్తగారు చివరి రోజుల్లో కూడా కోడలి ముక్కు వంక ఆశగా చూస్తూనే కన్నుమూసింది.

మొన్నటి వసంతంలో ఒక ఉదయం, టికెట్ల గదిలో కూర్చునే పన్సుక్ అక్క గాజు కిటికీలోంచి తొంగిచూసి అంది.

"ఏమే గప్సున్, ముక్కు కొన మీద దీపం పెట్టుకొచ్చావేంటి?"

అద్దంలో చూసుకుంటే నిజంగానే కొన ఎర్రగా మెరుస్తోంది. వేలితో నొక్కితే చర్మం కింద తెల్లగా ఏదో కదిలింది. గప్సున్‌కు ఆవిరిగదిలో చలి పుట్టింది. స్నానశాలకు వచ్చే ఎందరి ముక్కులు చూడలేదు ఆవిడ? దీపం వెలుగులో ఒకసారి చూస్తే చాలు, ఏది ఎముకో ఏది సిలికానో చెప్పేది. "అయిదు వారాల దాకా ఆవిరిగదిలోకి పోకే పిల్లా" అని కొత్త ముక్కులవాళ్ళకు బుద్ధులు చెప్పేది. ఇప్పుడు తనకు చెప్పేవాళ్ళు కావలసి వచ్చారు.

సొమ్యన్‌లో ఆ పాత డాక్టరు ఎప్పుడో పోయాడు. వేరే చోట దొరికిన డాక్టరు బోరం ఈడువాడు.

"ఎప్పుడు పెట్టించుకున్నారమ్మా ఇది?"

"అప్పటికి నువ్వు పుట్టలేదు బాబూ."

ఆయన చిన్న టార్చి వేసి చూశాడు. "జారి కొనకొచ్చేసింది. చర్మం ఉల్లిపొరలా అయిపోయింది. ఇవాళో రేపో బయటికొచ్చేస్తుంది. వెంటనే తీసెయ్యాలి."

"తీసి కొత్తది పెట్టెయ్."

"ఇప్పుడే కుదరదమ్మా. లోపల మానాలి. ఏడాదైనా ఆగాలి."

"మరి ఏడాది పాటు నా ముక్కేంటి?"

"మీ ముక్కే."

"నా ముక్కంటే ఏది?"

"పుట్టినప్పటిదమ్మా. కాస్త ముడుచుకుని ఉంటుంది, అంతే."

గప్సున్ చాలాసేపు ఆ కుర్చీలోంచి లేవలేదు. దల్సు గురించి ఆవిడకు పెద్ద బెంగ లేదు, ఇంజన్ కాని వస్తువు మీద ఆయన కన్ను నిలవదు. బెంగంతా బోరం గురించి. ఇన్నేళ్ళూ తన ముక్కు కాపాడుకోవడానికి కూతురిని తీసుకెళ్ళి వంతెన కింద పడేసింది తను. ఎందుకమ్మా అలా చేశావని పిల్ల అడిగితే? అడక్కుండా మొహం తిప్పుకుని దేగు బండి ఎక్కేస్తే? చెబుదామా అనుకుంటే నోరు రాలేదు. నోరు రానివాళ్ళు ఏం చేస్తారో అదే చేసింది, ఇంకో అబద్ధం అల్లింది.

"స్నానశాలలో జారిపడి ముక్కు పగిలిందని చెప్తానక్కా."

పన్సుక్ పెదవి విరిచింది. "ఇరవై రెండేళ్ళుగా తడినేల మీద తిరుగుతున్నదానివి, నువ్వు జారావంటే ఎవరు నమ్ముతారే?"

"మా ఆయన నమ్ముతాడు. మా అన్నను ఎద్దు తన్నిందని ఇవాళ్టికీ నమ్ముతున్నాడు."

ముక్క తీయడానికి అరగంట కూడా పట్టలేదు. డాక్టరు దాన్ని గిన్నెలో పెట్టి చూపించాడు. పసుపు తిరిగి, చిటికెన వేలంత కూడా లేదు. ఇంత దానికోసమా నేను ఇన్ని కథలల్లింది అనిపించింది గప్సున్‌కు. కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు.

మొహానికి పట్టీలతో ఇంటికి వచ్చి కథ చెప్పింది. దల్సు నమ్మాడు. నమ్మి ఊరుకుంటే బాగుండేది. మర్నాడు పొద్దున్నే పని బట్టలేసుకుని స్నానశాల గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏ టైలు?" అన్నాడు పన్సుక్‌తో.

పన్సుక్ ఆడవాళ్ళనందరినీ బయటికి పంపించి, వేడినీళ్ళ తొట్టి పక్కన చేతికి దొరికిన టైలు ఒకటి చూపించింది. దల్సు బూట్లు విప్పి, దాని మీద బకెట్టెడు నీళ్ళు పోసి, సబ్బు రాసి, నిలబడి, జారి కూలబడ్డాడు.

"ఇదే" అన్నాడు లేస్తూ. "ఈ టైలుది తప్పు."

రెండు రోజులు స్నానశాల మూయించి, ఓడల పైతట్టు మీద జారకుండా వేసే ఇసుక కలిపిన రంగు తెచ్చి, ఆడవాళ్ళ గది నేలంతా తన చేత్తో వేశాడు. తప్పు చేసిన టైలు పక్కన ఎర్ర అక్షరాలతో బోర్డు కూడా పెట్టాడు. 'జాగ్రత్త, ఇక్కడ ముక్కులు విరుగుతాయి.' ఆ బోర్డు చూడడానికి పక్క పేటల నుంచి కూడా వచ్చారు. ఆ నేల మీద నాలుగడుగులు వేస్తే మడమలు వాటంతటవే నున్నగా అయిపోయేవి. మడమలు రుద్దించుకోవడానికి వచ్చేవాళ్ళు గప్సున్ బల్ల ఎక్కడం మానేశారు. ఆవిడ గుక్కతిప్పుకోకుండా తిట్టింది, కానీ ఏ మాటతో ఆపించగలదు? మొగుడు ప్రేమతో చేశాడు.

వారానికి పట్టీలు విప్పారు. అద్దం ఇచ్చారు. అద్దంలో బోరం కూర్చుని ఉంది, యాభై ఆరేళ్ళ బోరం. గప్సున్ అద్దం బోర్లా పెట్టేసి బ్యాగులోంచి మాస్కు తీసి తగిలించుకుంది.

ఆ మాస్కు ఇక తియ్యలేదు. పనిలో మాస్కు, ఇంట్లో మాస్కు, పడకలో మాస్కు. అన్నం తినేటప్పుడు కింది అంచు కొంచెం ఎత్తి, చెంచా లోపలికి పంపించి, మళ్ళీ మూసేసేది.

"ఇంట్లో కూడా ఎందుకు అది?" అన్నాడు దల్సు.

"గాలి తగలకూడదన్నాడు డాక్టరు."

దల్సు లేచి వెళ్ళి ఇంట్లో కిటికీల సందులన్నిటికీ టేపు వేశాడు. మే నెల ఎండల్లో ఆ ఇల్లు రెండో స్నానశాల అయింది.

ఆ వేడిలో వచ్చింది బోరం పుట్టినరోజు. ఆదివారం కావడంతో పొద్దున్నే దేగు నుంచి దిగింది. గప్సున్ తెల్లవారుజామునే లేచి సముద్రపు నాచు చారు కాచింది. కన్నప్పుడు తల్లి తాగిన చారు, పుట్టినరోజున పిల్ల తాగాలి. ముగ్గురూ పొట్టి బల్ల చుట్టూ కూర్చున్నారు.

"నువ్వూ తాగమ్మా నాతో" అంది బోరం. "మానిందా ముక్కు? ఫోన్లో ఎప్పుడడిగినా మాట మారుస్తావు."

"మానుతోంది" అంది గప్సున్ మాస్కులోంచి. అంచు ఎత్తి చెంచా లోపలికి పంపించింది. చారు వెళ్ళింది, నాచు సగమే వెళ్ళింది. మిగతా సగం మాస్కు కింది నుంచి ముసలి మేక గడ్డంలా వేలాడింది.

బోరం నవ్వింది. "అబ్బ, తీసెయ్యమ్మా. మన ముగ్గురమే కదా."

"వద్దు."

ఆ 'వద్దు' అనడంలో నాచు కొస అడ్డం పడింది. గప్సున్ దగ్గింది. మళ్ళీ దగ్గింది. ఆవిరికి తడిసి, చెమటకు నానిన మాస్కు తాడు ఒక పక్క పుటుక్కున తెగింది. మాస్కు వెళ్ళి చారు గిన్నెలో పడింది.

బోరం చెంచా గాలిలోనే ఉండిపోయింది. దల్సు భార్య మొహం చూశాడు, కూతురి మొహం చూశాడు. రెండు మరలు ఒకే కొలతవో కాదో చూసేటప్పుడు ఎలా చూస్తాడో అలా చూశాడు. తర్వాత అతని మొహం విచ్చుకుంది.

"డాక్టరుకి మన బోరం ఫొటో చూపించావా?" అన్నాడు. "ఇలాంటిదే చేసిపెట్టమని?"

ముప్పై మూడేళ్ళలో గప్సున్ అల్లినవన్నీ ఒక ఎత్తు, మొగుడు వండి వడ్డించిన ఈ ఒక్కటీ ఒక ఎత్తు. ఎద్దు అక్కర్లేదు, చెట్టు అక్కర్లేదు. కాస్త తలూపితే చాలు. పైగా ఎంత మంచి తల్లి అని పేరు కూడా వస్తుంది.

"నిజమా అమ్మా?" అంది బోరం. కళ్ళు అప్పటికే నిండాయి. "నాలాగా ఉండాలని చేయించుకున్నావా?"

గప్సున్ తల సగం దాకా ఊగింది.

బోరం చెంచా కింద పెట్టి, చేతి వెనకభాగంతో కళ్ళు తుడుచుకుంది. "నీకో సంగతి చెప్పనా? నవ్వకూడదు మరి. నన్ను వంతెన కింద ఏరుకొచ్చానని అనేదానివి కదా. పన్నెండేళ్ళప్పుడు వెళ్ళి చూశాను."

"ఏం చూశావు?"

"అక్కడ ఎండు చేపలమ్మే ఆవిడ ఒకావిడ ఉండేది. అచ్చం నా ముక్కే. శనివారం బడి వదలగానే వెళ్ళి ఎదురుగా మెట్ల మీద కూర్చునేదాన్ని. ఉత్తుత్తి మాటని తెలుసులే. అందరిళ్ళలోనూ అంటారని తెలుసు. కానీ ముక్కు అదే కదా. ఊరికే చూస్తే ఏమనుకుంటుందోనని ఒక పొట్లం కొనేదాన్ని."

"ఎన్నాళ్ళు?" అంది గప్సున్.

"మూడేళ్ళు. ఆవిడ కొట్టు ఎత్తేసేదాకా."

దల్సు నోరు తెరిచాడు. "ఓహో, అప్పట్లో ఇంట్లో ఎప్పుడు చూసినా ఎండు చేపలుండేవి. మీ అమ్మ కొంటోందనుకున్నాను."

"నేను మీరు కొంటున్నారనుకున్నా" అంది గప్సున్.

మూడేళ్ళు ఆ చేపలు కాల్చింది తనే, కంచాల్లో వేసింది తనే. ఎక్కడివని ఒక్కనాడూ అడగలేదు. ఆ మాట లోపల ముల్లులా దిగింది. సగం ఊపిన తలను గప్సున్ వెనక్కి తీసుకుంది.

"ఇది చేయించుకున్నది కాదే" అంది. "ఇది నాది. పుట్టినప్పటి నుంచీ నాది. చేయించుకున్నది ఆ పాతది. సిలికాన్. మీ నాన్నను చేసుకోకముందే పెట్టించాను."



"మరి పెద్ద మామయ్యను ఎద్దు తన్నడం?" అంది బోరం.

"ఎద్దు లేదు. మా ఇంట్లో కోడి కూడా ఉండేది కాదు."

"రెండో మామయ్య చెట్టు?"

"చెట్టుంది. వాడెప్పుడూ ఎక్కలేదు."

"చిన్న మామయ్యకు సైన్యంలో బంతి..."

"వాడు సైన్యంలో వంట చేశాడు."

దల్సు గడ్డం గోక్కుంటూ అంతా లెక్క సరిచూసుకున్నాడు. ఎక్కడో ఒక మర మిగిలిపోయింది.

"అయితే ఆ టైలు బాగానే ఉందా?" అన్నాడు.

"బాగానే ఉంది."

"రెండు రోజులు మోకాళ్ళ మీద కూర్చుని రంగేశాను." అతనికి ఇంకోటి గుర్తొచ్చింది. "అందుకా మేడలు రాలేదు? నేను ముప్పై మూడేళ్ళ నుంచి నా రాతే బాగోలేదనుకుంటున్నాను. ఈ సంగతి ముందే చెప్తే కనీసం ఎదురుచూడ్డం మానేసేవాణ్ణి కదా."

ఇంకోరోజైతే బోరం పొట్ట పట్టుకుని నవ్వేది. ఇప్పుడు నవ్వలేదు. తల్లి ముక్కు వంకే చూస్తోంది. ఆ చూపుకే గప్సున్ ఇన్నాళ్ళూ భయపడింది.

"ఒక్కసారి చెప్తే పోయేది" అంది బోరం. "ఎవరికీ చెప్పక్కర్లేదు. నాకొక్కదానికి. చెవిలో."

"భయమేసింది."

"ఎవరంటే?"

"మొదట మీ నాయనమ్మంటే. తర్వాత నువ్వంటే. అబద్ధం పాతబడేకొద్దీ ఎవరంటే భయమో కూడా మర్చిపోయాను. నీ ముక్కు చూసినప్పుడల్లా పట్టుబడిపోయినట్టుండేది. అందుకే అందరూ నవ్వే మాట అనేసేదాన్ని. నువ్వూ నవ్వుతున్నావనుకున్నాను. తప్పు నాదే."

బోరం బల్ల మీద పడ్డ చారు చుక్కను వేలితో అటూ ఇటూ రాసింది.

"ఇంకోటి కూడా ఉంది" అంది. "ఇది ఎవరికీ చెప్పలేదు. ఒకసారి ఆవిణ్ణి అమ్మా అని పిలిచాను."

"ఏమంది?"

"ఎన్ని పొట్లాలు అంది."

దల్సు నవ్వబోయి, భార్య మొహం చూసి నోరు మూసుకున్నాడు. గప్సున్ లేచింది. బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి, కూతురికి ఎదురుగా కూర్చుంది. తలుపు పక్కన తగిలించిన ఇంకో మాస్కు అందుకునే దూరంలోనే ఉంది, దానివంక చూడలేదు. మొహం మీద చారు మరకలు చొక్కా చేతితో తుడుచుకుంది.

"ఆవిణ్ణి పిలిచినట్టు ఇప్పుడు పిలు" అంది.

బోరం ఆ ముక్కు వంక చాలాసేపు చూసింది. దల్సు కూడా చెంచా కింద పెట్టాడు.

అప్పుడు పిలిచింది బోరం. గప్సున్ పలికింది.